పెరట్లో పెద్ద కొలను: ముగ్గు పోసి తవ్వడం నుంచి చేపలు వదిలేదాకా

మా పెరట్లో మొదట కట్టించింది ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతున్న సిమెంటు తొట్టి. పట్టేది దాదాపు 1,350 లీటర్లు. దానికి మేము ముద్దుగా కొలను అని పేరు పెట్టుకున్నాం. మే నెలలో ఒక రాత్రి మూడు గంటలు కరెంటు పోయి పంపు ఆగిపోయింది. తెల్లవారి చూస్తే పదకొండు చేపల్లో తొమ్మిది వెల్లకిలా తేలి ఉన్నాయి. మిగిలిన రెండూ నోళ్ళు నీటిపైకి పెట్టి గాలి కోసం అల్లాడుతున్నాయి.

ఆ ఏడాదే తొట్టి పగలగొట్టించి ఇరవై అడుగుల కొలను తవ్వించాను. అప్పుడు తెలిసింది, పెద్ద కొలనును చూసుకోవడమే తేలిక. తక్కువ నీళ్ళు మధ్యాహ్నానికల్లా సలసల కాగుతాయి, మేత నాలుగు గింజలు ఎక్కువైతే మర్నాటికే కంపు కొడతాయి. 20,000 లీటర్లు అంత తొందరగా మారవు. మీరు తప్పు చేసినా దిద్దుకోవడానికి ఒకటి రెండు రోజుల గడువు ఇస్తాయి. కాకపోతే కట్టేటప్పుడు చేసిన తప్పు మాత్రం నీళ్ళు ఇంకకుండా గొయ్యిలో పరిచే షీటు కిందా మట్టిలోపలా ఉండిపోతుంది, దాన్ని దిద్దాలంటే కొలనంతా ఖాళీ చేయాలి. అందుకే గడ్డపార పట్టే ముందు రెండు వారాలు పెరట్లో ఊరికే తిరగండి.

చోటు ఎంచుకోవడం

ఎక్కడ బాగుంటుందో ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఒక అభిప్రాయం ఉంటుంది. మా అమ్మ ఈశాన్యం తప్ప మరో మూల మాటే ఎత్తనివ్వలేదు. వాస్తు మీద నాకు పెద్దగా పట్టింపు లేదు గానీ, ఈసారి ఆవిడ మాట విన్నందుకు లాభమే జరిగింది. ఇంటికి ఈశాన్యాన ఉన్న నీటిమీద ఉదయపు ఎండ పడుతుంది, మధ్యాహ్నం మూడు దాటాక పడమటి ఎండను ఇల్లే అడ్డుకుంటుంది. మన వేసవిలో నీటిని ఉడికించేది ఆ పడమటి ఎండే. మీ స్థలంలో ఈశాన్యం కుదరకపోతే దిగులు పడకండి. రోజుకు ఐదారు గంటల ఎండ, సాయంత్రానికి నీడ ఉన్న చోటు ఏదైనా సరే. అలాంటి చోటే లేదంటే నాలుగు గుంజలు పాతి సగం ఎండను ఆపే షేడ్‌నెట్ కట్టండి.

చెట్టు కింద మాత్రం వద్దు. వేపచెట్టు నీడ చల్లగా ఉంటుంది, నిజమే. ఆకు రాలే కాలంలో ఆ ఆకంతా ఎక్కడ పడుతుందో ఆలోచించండి. అది అడుగున కుళ్ళి ప్రాణవాయువును తినేస్తుంది. పైగా వేళ్ళ బెడద. ఇంటి పునాదికీ ప్రహరీకీ కనీసం ఆరడుగులు ఎడం వదలండి, గొయ్యి పక్కన మట్టి జారితే గోడ నెర్రె విచ్చుతుంది. సెప్టిక్ ట్యాంకు, మురుగు పైపులు, బోరు కేబులు ఎటు వెళ్తున్నాయో ఇల్లు కట్టిన మేస్త్రీని అడిగి కాగితం మీద గీసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, గట్టి వాన పడే రోజు గొడుగు వేసుకుని పెరట్లో నిలబడి నీళ్ళు ఎటు పారుతున్నాయో చూడటం. పెరట్లో బాగా పల్లంగా ఉన్న చోట కొలను సహజంగా ఉంటుందని అందరికీ అనిపిస్తుంది. అక్కడ తవ్వితే వాననీళ్ళతో పాటు మట్టి, ఎరువులు, పురుగుమందు అంతా అందులోకే వస్తుంది.

మట్టిని అడగండి

అనుకున్న చోట అడుగున్నర వెడల్పుతో ఐదడుగుల గుంత ఒకటి తవ్వండి. అడుగున నీరు ఊరుతోందేమో రెండు రోజులు చూడండి. వీలైతే వానాకాలం చివర, అంటే భూమిలో నీళ్ళు బాగా పైకి వచ్చి ఉన్నప్పుడు చూడటం మేలు.

భీమవరంలో మా బావగారు ఈ పరీక్ష చేయకుండా వేసవిలో తవ్వించారు. డెల్టా భూమి, ఆగస్టుకల్లా నేలలో నీళ్ళు రెండడుగుల లోతుకే వచ్చేశాయి. కింది నీళ్ళు షీటును పైకి నెట్టి, కొలను మధ్యలో పూరీ పొంగినట్టు పొంగింది. అలాంటి నేలల్లో లోతుగా తవ్వవద్దు. రెండడుగులు తవ్వి, ఆ మట్టితోనే చుట్టూ రెండడుగుల కట్ట పోసుకోండి, లోతు నాలుగడుగులే అవుతుంది.

ఎర్రనేలైతే అదృష్టవంతులు, గోడలు నిలబడతాయి, తవ్వడం తేలిక. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బెత్తెడు వెడల్పున నెర్రెలిస్తుంది. దాంట్లో ఇటుక, సిమెంటు తొట్టి కడితే రెండో వేసవికి పగులుతుంది. అలాంటి చోట సాగే షీటే దిక్కు. కాంక్రీటే కావాలంటే ఇనుము ఎంత వేయాలో ఇంజనీరును అడగాల్సిందే, మేస్త్రీ అంచనా సరిపోదు.

కొలతలు, లెక్కలు

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. తరవాత కొనేవన్నీ ఈ లెక్క మీదే ఆధారపడతాయి.

మా కొలను పైన 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. చుట్టూ అడుగు లోతున అడుగు వెడల్పు మెట్టు ఉంది. అక్కడి నుంచి ఏటవాలుగా దిగి అడుగుభాగంలో 16 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. మొత్తం లోతు నాలుగడుగులు. పొడవు, వెడల్పు, లోతు గుణిస్తే 960 ఘనపుటడుగులు వస్తుంది, కానీ మెట్టు, ఏటవాలు పోను నిజంగా పట్టేది 700. ఒక ఘనపుటడుగుకు 28.3 లీటర్లు. అంటే ఇంచుమించు 20,000 లీటర్లు.

రంగుల కోయి చేపలు పెంచాలనుకుంటే నాలుగడుగులకు తక్కువ లోతు వద్దు. ఎండాకాలం పై నీళ్ళు వేడెక్కినా అడుగున చల్లగా ఉంటుంది, కొంగ దిగినా చేప కిందికి తప్పించుకోగలదు. అంతకన్నా లోతుకు వెళ్ళే ముందు ఇంట్లో పిల్లల సంగతి ఆలోచించండి. ఐదేళ్ళలోపు పిల్లలు ఇంట్లో ఉన్నా, పక్కింటి నుంచి వస్తూపోతూ ఉన్నా చుట్టూ నాలుగడుగుల కంచె, లోపలివైపు గడియ వేసే తలుపు ఉండి తీరాలి. లేదా పిల్లలు పెద్దయ్యేదాకా ఈ పని వాయిదా వేయండి. ఆ చుట్టూ మెట్టు మొక్కల కుండీలకే కాదు, ఎవరైనా జారిపడితే కాలు ఆనడానికి కూడా.

షీటు లెక్క సులువు. పొడవుకు లోతు రెండింతలు కలపండి, గట్టు మీద మడవడానికి రెండు వైపులా రెండేసి అడుగులు కలపండి. 20, 8, 4 కలిపితే 32. వెడల్పు కూడా అలాగే 12, 8, 4 కలిపితే 24. మాకు 32 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు షీటు పట్టింది. గొయ్యి తవ్వడం పూర్తయ్యాక మళ్ళీ టేపు పెట్టి కొలిచి, ఆ తరవాతే షీటుకు ఆర్డరు ఇవ్వండి. కాగితం మీద గీసిన గొయ్యీ కూలీలు తవ్విన గొయ్యీ ఎన్నడూ ఒకటి కావు.

తవ్వకం

జనవరి నుంచి మార్చి మధ్య తవ్వించుకోండి. నేల ఆరి ఉంటుంది, నీటిమట్టం దిగి ఉంటుంది, వానాకాలం మొదలయ్యేసరికి నీళ్ళు కుదురుకుంటాయి.

ముగ్గుతో గీత గీసే ముందు నీళ్ళ పైపునో లావు తాడునో నేలమీద ఆకారంగా పరచి రెండు రోజులు అలాగే ఉంచండి. వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూడండి, మేడ మీంచి చూడండి. చిక్కుడుగింజలా కాస్త పొడవుగా, సాదా ఆకారంలో ఉంటే మంచిది. వంకరలెక్కువైతే షీటు మడతలు పడుతుంది, ఆ మూలల్లో నీళ్ళు కదలవు, చెత్త అక్కడే పేరుకుంటుంది.

జేసీబీ లోపలికి రాగలిగితే పని పూటలో అయిపోతుంది. అయితే అది తవ్వేది గొయ్యినే, మెట్టునూ ఏటవాలునూ పారలతో మనుషులే చెక్కాలి. మాకు సందు ఇరుకు కావడంతో నలుగురు కూలీలు ఐదు రోజులు తవ్వారు. 700 ఘనపుటడుగుల మట్టి తవ్వితే గుల్లబడి దాదాపు 900 అవుతుంది, తొమ్మిది ట్రాక్టర్ల మట్టి. దాన్ని ఎక్కడ పోస్తారో ముందే తేల్చుకోండి. కొంత గట్టుకు, కొంత జలపాతం దిబ్బకు వాడినా ఆరేడు ట్రాక్టర్లు మిగులుతుంది.

అడుగు సమంగా ఉండకూడదు. ఒక మూలకు బెత్తెడు వాలు పెట్టండి. చెత్త అటు చేరుతుంది, పంపు అక్కడ కూర్చుంటుంది.

ఇక లెవెలు. మేస్త్రీలు వాడే సన్నటి తెల్లపైపు ఉంటుంది చూశారా, దాంట్లో నీళ్ళు నింపి, బుడగలు లేకుండా చేసి, ఒక కొస ఒక గుంజ దగ్గర, రెండో కొస ఎదుటి గుంజ దగ్గర పట్టుకోవాలి. రెండు చోట్లా నీళ్ళు నిలిచిన గీత ఒకే మట్టం. గొయ్యి చుట్టూ ఐదడుగులకు ఒక గుంజ పాతి, అన్నిటి మీదా ఈ పైపుతో గీతలు పెట్టించండి. మా మేస్త్రీ ‘కంటికి తెలిసిపోతుందండీ’ అన్నాడు. నేనూ ఊరుకున్నాను. నీళ్ళు నింపాక తూర్పు గట్టు దగ్గర నీళ్ళు అంచును తాకుతుంటే పడమటి గట్టు దగ్గర మూడంగుళాల నల్లటి షీటు పట్టీలా బయటపడింది. ఇప్పటికీ ఇంటికొచ్చిన చుట్టాల చూపు చేపల కన్నా ముందు దానిమీదే పడుతుంది. కన్ను పొరబడుతుంది, నీళ్ళు పొరబడవు.

షీటు పరచడం

మన దగ్గర తేలిగ్గా దొరికేది పండ్లతోటల రైతులు నీటికుంటల్లో పరిచే 500 మైక్రాన్ల, అంటే అర మిల్లీమీటరు మందమున్న హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు. గట్టిది, ఎండకు నిలుస్తుంది, కానీ బిరుసు, మూలల్లో ఒదగదు. ఈపీడీఎం అనే రబ్బరు షీటు మెత్తగా ఒదుగుతుంది, ఖరీదు బాగా ఎక్కువ. కళ్ళాల్లో వాడే పలచటి టార్పాలిన్ల జోలికి వెళ్ళకండి, ఒకటి రెండు వేసవులకు చిల్లులు పడతాయి. ఏ షీటైనా అతుకు లేకుండా ఒకే ముక్కగానో, దుకాణంలోనే వేడితో అతికించిందిగానో తీసుకోండి. జిగురుతో ఇంట్లో అతికించుకుంటామంటే మాత్రం వద్దు.

షీటు పరిచే ముందు గొయ్యిలోకి దిగి అరచేత్తో నేలంతా తడమండి. అవును, చేత్తోనే. తెగిన వేరు మొన, గాజుపెంకు, సూదిలాంటి రాయి కంటికి కనబడవు, చేతికి తగులుతాయి. 20 టన్నుల నీళ్ళు పైన కూర్చుంటే ప్రతి మొనా షీటులోంచి తొంగిచూస్తుంది. తడిమాక రెండంగుళాల మెత్తటి ఇసుక పోసి తట్టండి. ఇసుక నిలవని ఏటవాలు మీద మరేదైనా మెత్తటిది పరచాలి. కొందరు గోనెసంచులు పరుస్తారు, వాటికి చెదలు పడుతుంది. మేము పాత ఫ్లెక్సీలు పరిచాం. ఊళ్ళో వాటికేం కొరత, ప్రతి కూడలిలోనూ దొరుకుతాయి. ఎన్నికలు అయిపోయాక అడిగితే సంతోషంగా ఇచ్చారు. మా కోయి చేపలు ఆరేళ్ళుగా చేతులు జోడించి నవ్వుతున్న అభ్యర్థుల పైనే ఈదుతున్నాయి.

పందికొక్కులున్న పెరడైతే గట్టు బయటివైపు అడుగున్నర లోతు దాకా సన్నటి ఇనుప జాలీ నిలువుగా పాతండి. అవి బొరియ తవ్వుతూ వచ్చి షీటుకు పళ్ళు ఆనించాయంటే ఆ చిల్లు మీకు ఎన్నటికీ దొరకదు.

షీటును ఎండలో గంటసేపు పరచి ఉంచితే మెత్తబడుతుంది. నలుగురు నాలుగు మూలలు పట్టుకుని గొయ్యి మీదికి వదులుగా దించాలి, బిగించి లాగకూడదు. చెప్పులు విప్పి దిగండి. ఒకడుగు నీళ్ళు నింపి, మడతలన్నీ ఒక పక్కకు సర్ది, ఆ తరవాత మిగతాది నింపండి. బరువుకు షీటు దానంతటదే కుదురుకుంటుంది. అంచులు కత్తిరించడానికి తొందరపడకండి, నీళ్ళు నిండిన వారానికి కత్తిరించండి.

గట్టు, పొంగు గొట్టం

గట్టు చుట్టుపక్కల నేల కన్నా కనీసం ఆరంగుళాలు ఎత్తుండాలి, బయటి వాననీళ్ళు లోపలికి రాకూడదు. షీటు అంచును గట్టు దాటించి మట్టిలోకి మడిచి, పైన కడప బండలు పరిపించండి. బండ రెండంగుళాలు నీటి మీదికి చొచ్చుకుని ఉంటే షీటు ఎండకు కనబడదు.

ఒక్కరోజులో 10 సెంటీమీటర్ల వాన పడితే ఇంత కొలనులోకి ఆకాశం నుంచే 2,200 లీటర్లు దిగుతాయి. అవి పోవడానికి గట్టుకు నాలుగంగుళాల కింద మూడంగుళాల గొట్టం పెట్టి, లోపలి కొసకు జాలీ బిగించి, బయటి కొసను అరటిపాదులోకి వదలండి. జాలీ లేకపోతే చేపలు కూడా అరటిపాదులోకే వెళ్తాయి.

ఫిల్టరు

ఎక్కువమంది చేపల మీద డబ్బు పెట్టి ఫిల్టరు దగ్గర పొదుపు చేస్తారు. మీరు దానికి తలకిందులుగా చేయండి.

చేప మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతుంది. మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియాయే పుడుతుంది. అది విషం, నీళ్ళలో క్షారం, వేడి పెరిగేకొద్దీ ఇంకా విషం. నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి, అదీ విషమే. మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌తో చేపలకు పెద్దగా హాని లేదు, మొక్కలకు అదే ఎరువు. పాలు తోడుకున్నట్టే ఇదీను, తోడు వేసి కదపకుండా వదిలేయాలి. ఫిల్టరు అంటే ఈ సూక్ష్మజీవులకు మనం కట్టే ఇల్లు.

ఇల్లు కట్టడానికి 200 లీటర్ల నీలం డ్రమ్ములు మూడు చాలు. రసాయనాలు నింపినవి కాకుండా తినే సరుకు వచ్చినవి చూసుకోండి. పంపు నుంచి వచ్చే నీళ్ళు మొదటి డ్రమ్ములో అడుగున పడి నెమ్మదిగా పైకి లేవాలి, బరువైన చెత్త అక్కడే దిగిపోతుంది. అడుగున ఒక వాల్వు పెడితే వారానికొకసారి ఆ బురదను పాదుల్లోకి వదలవచ్చు. రెండో డ్రమ్ములో గిన్నెలు తోమే నైలాను పీచు, ఫిల్టరు స్పాంజి పొరలు, సన్నటి మురికి వాటికి పట్టుకుంటుంది. మూడోది సూక్ష్మజీవులది. ముక్కలుగా కోసిన కరెంటు పైపులు, సీసా మూతలు, లావారాళ్ళు, ఏదైనా సరే, ఎక్కువ ఉపరితలం ఉండాలి, నీళ్ళు ఆగకుండా పారాలి. కంకర కూడా పనిచేస్తుంది, కాకపోతే రెండేళ్ళకొకసారి దాన్ని ఎత్తి కడిగేటప్పుడు నడుము గుర్తుచేస్తుంది.

మూడో డ్రమ్మును ఎప్పుడూ కుళాయి నీళ్ళతో కడగవద్దు. క్లోరిన్ తగిలితే నెలలపాటు పెరిగిన సూక్ష్మజీవులు ఒక్క గంటలో పోతాయి. కొలను నీళ్ళే బకెట్లతో తీసి కాస్త జాడించండి, చాలు. మెరిసేలా కడిగారంటే మళ్ళీ మొదటికొచ్చినట్టే.

పంపు రెండు గంటలకొకసారి కొలనంతా తిప్పాలి. 20,000 లీటర్లకు గంటకు 10,000 కావాలి. పెట్టె మీద రాసిన అంకె ఎత్తేమీ లేనప్పటిది. ఐదడుగుల పైకి తోసేసరికి బాగా తగ్గుతుంది, కాబట్టి 15,000 అని రాసింది కొనండి. కొనేటప్పుడు వాట్లు చూడండి. ఇది రాత్రింబవళ్ళు తిరిగే యంత్రం. ప్రతి 100 వాట్లకూ రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72. చవక పంపు మిగిల్చిన డబ్బు ఏడాదిలోపే కరెంటు బిల్లులోకి పోతుంది.

మూడో డ్రమ్ములోంచి నీళ్ళు రెండు మూడడుగుల ఎత్తు నుంచి రాళ్ళ మీదుగా దూకేలా పెట్టండి. జలపాతం అందం కోసం అనుకుంటారు గానీ, నీళ్ళకు గాలి కలిసేది అక్కడే. కదిలే నీళ్ళలో దోమ గుడ్లు పెట్టదు, మూలల్లో పెట్టినా ఆ గుడ్లలోంచి వచ్చే తోకపురుగుల్ని పిల్లచేపలు వదలవు.

కరెంటు విషయంలో సాహసాలు వద్దు. నీళ్ళలో పంపు ఉన్న లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు), మంచి ఎర్తింగు ఉండాలి. నీళ్ళలో చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ స్విచ్చు ఆపాలి. దానితోపాటు బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి తప్పకుండా కొనండి. నా తొమ్మిది చేపల ఖరీదు దానికన్నా ఎక్కువ.

నీళ్ళు నింపి ఆగడం

మునిసిపల్ నీళ్ళైతే క్లోరిన్ పోవడానికి పంపు తిప్పుతూ రెండు రోజులు వదిలేయండి. ఆ తరవాత ఎప్పుడైనా ఎక్కువగా నింపాల్సి వస్తే, హైపో అని అమ్మే సోడియం థయోసల్ఫేట్ కలపాలి. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు గానీ ప్రాణవాయువు కూడా దాదాపు ఉండదు, పైనుంచి జల్లులా పడేట్టు నింపండి.

సిమెంటు కొలను కట్టినవారికి ఇంకో పని ఉంది. కొత్త సిమెంటులోని సున్నం నీళ్ళను క్షారంగా మార్చి చేపల ఒంటి జిగురును తినేస్తుంది. అరటిబోదెలు ముక్కలు కోసి నీళ్ళలో వేసి వారం పది రోజులు నానబెట్టి, ఆ నీళ్ళు తోడేసి, మళ్ళీ నింపి తోడి, నీళ్ళ క్షారాన్ని చూపే పీహెచ్ అంకె 8.5 కన్నా దిగేదాకా ఇలాగే చేయాలి. మూడు నాలుగు వారాలు పడుతుంది.

షీటు వేసినవారు కూడా వెంటనే చేపలు తేవద్దు. మెట్టు మీద కలువ కుండీలు పెట్టుకోండి, ఆకులు విచ్చుకుని నీటిమీద మూడోవంతు కమ్మితే పాచి తగ్గుతుంది. గుర్రపుడెక్క మాత్రం ఒక్క మొక్క కూడా తేకండి, నెల తిరిగేసరికి నీళ్ళు కనబడవు. పాత కొలను ఉన్నవారి దగ్గర్నుంచి వాడిన స్పాంజి ముక్క ఒకటి తెచ్చి మూడో డ్రమ్ములో వేస్తే తోడు వేసినట్టు పనిచేస్తుంది. రెండు వారాలకు నీళ్ళు పచ్చగా పెసరకట్టులా మారతాయి. కంగారుపడి మొత్తం మార్చేయకండి, ప్రతి కొత్త కొలనూ ఈ దశ దాటుతుంది.

పచ్చదనం తగ్గే సమయానికి నాలుగైదు చవక చేపలు వదిలి, అమ్మోనియా, నైట్రైట్ కిట్లతో రెండు రోజులకొకసారి చూడండి. రెండూ పైకి లేచి మళ్ళీ సున్నాకు దిగాలి. నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు.

ఏ చేపలు

కోయి అంటే జపాన్‌వారు నీగతా ప్రాంతంలో రంగుల కోసం తరతరాలుగా ఎంచి పెంచిన కామన్ కార్ప్. మన మార్కెట్లో బంగారుతీగ అని అమ్మే చేపకు స్వయానా చుట్టం. అందుకే మన వేడిని తట్టుకుంటుంది, అందుకే రెండడుగుల దాకా పెరుగుతుంది. దుకాణంలో వేలెడంత చూసి యాభై కొనేస్తారు. పెరిగిన కోయి ఒక్కొక్కదానికి 1,000 లీటర్లు కావాలి. ఈ కొలనుకు పదిహేను, మహా అయితే ఇరవై.

తినే చేపలు కావాలంటే శీలావతి, బొచ్చె, ఎర్రమోసు పిల్లలు జులై నుంచి సెప్టెంబరు మధ్య బాగా దొరుకుతాయి. బొచ్చె పైనీళ్ళలో, శీలావతి మధ్యన, ఎర్రమోసు అడుగున మేస్తాయి కాబట్టి మూడూ కలిసి ఉండగలవు. వీటిని అమ్మి లాభం తీస్తామనుకోవద్దు. ఇంటికి సరిపడా వస్తాయి, అంతే. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప, రుచికి తిరుగులేదు, గాలి పీల్చి బతకగలదు. కానీ చిన్నచేపల్ని మింగుతుంది, వాన రాత్రి గట్టు దూకి వెళ్ళిపోతుంది. వేరుగా, పైన వలకట్టి పెంచాల్సిన చేప అది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఎవరు ఇచ్చినా తీసుకోకండి, దాని పెంపకంపై మన దేశంలో నిషేధం ఉంది.

కొత్తచేపల్ని నేరుగా వదలకండి. వేరే తొట్టిలో లీటరుకు మూడు గ్రాముల గళ్ళ ఉప్పు కలిపి రెండు మూడు వారాలు ఉంచి, ఒంటిమీద పేను, పుండ్లు లేవని చూసుకోండి. చేపపేను బటానీ పప్పులో సగమంత, దాదాపు పారదర్శకంగా ఉంటుంది. చేప ఊరకే రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటుంటే అనుమానించండి.

మేత, వేసవి

ఐదు నిమిషాల్లో తినగలిగినంతే, రోజుకు రెండుసార్లు. కొల్లేరు పక్క చేపల చెరువుల్లో తవుడు, వేరుసెనగ చెక్క కలిపి చిల్లులున్న సంచుల్లో నింపి నీళ్ళలో వేలాడదీస్తారు, చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. తినే చేపలకు మీరూ చిన్న సంచి కట్టవచ్చు, మేత నీళ్ళలో చెదిరిపోదు. మబ్బు పట్టిన రోజు, ఉక్కగా గాలి ఆడని రోజు మేత మానేయండి.

వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు కరిగితే 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. పగలు పాచి, మొక్కలు ప్రాణవాయువు ఇస్తాయి, రాత్రంతా అవే పీల్చుకుంటాయి. అందుకే గండం తెల్లవారుజామున. ఏప్రిల్, మే నెలల్లో వారానికొకసారైనా ఐదు గంటలకు లేచి టార్చి వేసి చూడండి. చేపలు జలపాతం కింద గుమిగూడి పైకి నోళ్ళు తెరుస్తుంటే గాలిపంపు రాత్రంతా నడపాల్సిన సమయం వచ్చిందన్నమాట.

నీళ్ళు తగ్గుతుంటే షీటుకు చిల్లు పడిందని బెంగ పుడుతుంది. మండువేసవిలో రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరైపోవచ్చు, అంటే ఈ కొలనులో 220 లీటర్లు. తేల్చుకోవడానికి ఒక బకెట్టు చాలు. దాన్ని మెట్టు మీద పెట్టి, లోపల కూడా నీళ్ళు పోసి, లోపలి మట్టం, బయటి మట్టం రెండింటికీ మార్కరుతో గీతలు పెట్టండి. జలపాతం ఆపి ఒకరోజు ఉంచండి, గాలిపంపు నడవనివ్వండి. రెండూ ఒకేలా తగ్గితే ఎండ తాగింది. బయట ఎక్కువ తగ్గితే చిల్లే. అప్పుడు నీళ్ళు దిగనిచ్చి, ఎక్కడ ఆగాయో ఆ మట్టం చుట్టూ వెతకండి.

లకుముకిపిట్ట వచ్చిందంటే సంతోషించండి, చిన్నచేప ఒకటి పోతే పోయింది. కొంగలు, నీటికాకులు అలవాటు పడితే మాత్రం వల తప్పదు. నీరుకట్టె పాము కనబడితే కర్ర తీయవద్దు, దానికి విషం లేదు.

ఇక ఊరెళ్ళేటప్పుడు. ఎదిగిన చేపలు వారం రోజులు మేత లేకుండా నిక్షేపంలా ఉంటాయి, పాచి తింటాయి. మేము పెళ్ళికి వెళ్తూ పక్కింటి పిన్నిగారికి మేత వేయమని చెప్పాం. ఆవిడ పాపం చేపలు ఎంత తింటే అంత పెట్టారు, చేపలు ఎప్పుడూ ఆకలన్నట్టే చూస్తాయి కదా. తిరిగి వచ్చేసరికి ఫిల్టరు నిండిపోయి నీళ్ళు పాలలా ఉన్నాయి. ఇప్పుడు ఆవిడకు పంపు స్విచ్చు, బ్యాటరీ గాలిపంపు ఎక్కడున్నాయో చూపించి వెళ్తున్నాం. మేత డబ్బా మాత్రం అల్మారాలో పెట్టి తాళం వేస్తున్నాం.